ఏడుపు లేని నవల

కంటి డాక్టరు మా అత్తగారికి చెప్పిన కట్టుబాట్లన్నిటిలోకీ గట్టిది, ఏడవకూడదన్నది. కదలకూడదు, దగ్గకూడదు, నమిలి తినకూడదు, తల పక్కకి తిప్పకూడదు అన్నవాటికి ఆవిడ గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. ఏడుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "నేనెప్పుడు ఏడ్చానండీ? ఏడిపిస్తే ఏడిపించి ఉంటాను" అని ఆయన ముఖం మీదే అనేశారు. డాక్టరు నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

అరవైల చివరి రోజులవి. రేపల్లెలో మా అత్తవారిది పచారీ కొట్టు. మామగారు పోయినప్పటినుంచీ గల్లాపెట్టె ముందు అత్తగారే కూర్చునేవారు. నేను తెనాలి కొట్టువాళ్ల పిల్లని, నడక కంటే ముందు బేరం నేర్చుకున్నదాన్ని. గల్లా ముందున్న ఆ పీట మీద నాకు ఆశ ఉందని ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసునని నాకూ తెలుసు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది, మిగిలిన కంటికి శుక్లం పట్టింది. ఆపరేషను కుదిరితే పీట ఆవిడది, చెడితే నాది. మా ఇద్దరి మధ్యా ఉన్న తగువంతా ఇదే.

ఆపరేషను తెనాలిలో అయింది. రైలు కుదుపులు పనికిరావన్నారు కాబట్టి కట్టు విప్పేదాకా మా పుట్టింట్లో, నాన్న కొట్టు వెనక గదిలో మంచం వేశాం. రెండు కళ్లకీ గంతలు కట్టుకుని వియ్యపురాలింట్లో వెల్లకిలా పడి ఉండటం కంటే ఆవిడకి ఘోరమైన శిక్ష ఇంకోటి లేదు. మా అమ్మ జావ కాచి పంపితే, "మీ అమ్మ ఉప్పు కూడా బేరమాడే వేస్తుందా ఏంటి?" అన్నారు. అమ్మ గుమ్మం అవతలే ఉంది. వినాలనే అన్నారు.

నవలలంటే రేపల్లెలో నిషేధం. నవలలు చదివే కోడలు కొట్టుకి పనికిరాదని ఆవిడ సిద్ధాంతం. నేను మరచెంబు వెనక, బియ్యపు డబ్బా వెనక దాచుకుని చదివేదాన్ని. ఆపరేషను రోజు పొద్దున్నుంచీ ఆసుపత్రి వరండాలో కూర్చుని ఒకటి చదివి ముగించాను. కారున్న కథానాయకుడు, కష్టాలున్న కథానాయిక. ఇద్దరూ మొదటి పేజీలోనే ఒకరినొకరు ఇష్టపడ్డారు, చివరి పేజీదాకా ఆ మాట చెప్పుకోలేదు. ఒక్క మాట నోరు విప్పి అడిగితే తీరిపోయే చిక్కుని అంత లావు పుస్తకం చేసినందుకు రాసినావిడ మీద ఒళ్లు మండింది. మా కొట్లో అలా నోరు మూసుకుని నిలబడితే మిరపకాయలు కూడా ఎవరూ ఇవ్వరు. అయినా అది ముగిసిన గంటకే ఇంకో నవల మొదలుపెట్టాను. తిడుతూ చదవడం నాకు అలవాటు. నచ్చినవాటికంటే తిట్టినవే ఎక్కువ చదివాను.

ఇంటికొచ్చిన రెండో రోజు మంచం మీంచి గొంతు వినిపించింది.

"కాగితం తిప్పుతున్న చప్పుడు నాకు వినపడదనుకున్నావా? ఏంటది?"

"నవలండి."

"నా చెవులు బాగానే ఉన్నాయిగా. పైకి చదువు."

చదవడం మొదలుపెట్టాను. నాలుగో పేజీలోనే నాయిక తలుపేసుకుని మంచం మీద వాలిపోయింది. దిండు తడవబోతోందని ముందే కనిపెట్టి రెండు కాగితాలు దాటేశాను.

"ఆగు. ఇప్పుడే తలుపేసుకున్న పిల్ల అప్పుడే కాఫీ కాస్తోందేం? మధ్యలో ఏం చేసింది?"

"పడుకుందండి."

"తూకంలో కొట్టేవాళ్లని చప్పుడుని బట్టే పట్టుకుంటాను నేను. రెండు కాగితాలు తిప్పావు. ఏడ్చిందా?"

"ఏడ్చిందండి."

"అలాగని చెప్పు. దొంగలెక్కలెందుకు?"

ఆ నవలలో ఏడుపులు తీసేస్తే నికరంగా మిగిలింది ఒక పెళ్లీ, రెండు కాఫీలూ. దాన్ని పట్టుకుని స్టేషను దారిలో ఉన్న అద్దె పుస్తకాల కొట్టుకి వెళ్లాను. కొట్టాయన నన్ను పెళ్లికి ముందునుంచీ ఎరుగును. నేను గుమ్మం ఎక్కుతుంటేనే ఆయన మొహం గంటు పెట్టుకుంటాడు.

"ఏడుపు లేని నవల ఒకటి ఇవ్వండి" అన్నాను.

"ఏడుపు లేకపోతే ఎవరు తీసుకెళ్తారమ్మా? పోనీ డిటెక్టివ్ ఇవ్వనా?"

"మా అత్తగారు ఉలిక్కిపడకూడదండి."

"హాస్యం?"

"నవ్వకూడదు. కుట్లు కదులుతాయన్నారు."

"అయితే పంచాంగం పట్టుకెళ్లమ్మా" అని పక్కనున్నాయన వంక చూసి కన్నుగీటాడు.

నాకూ పట్టుదల వచ్చింది. ఏడుపు పేజీలు ఎలాగూ చదవను కాబట్టి అద్దె తగ్గించమన్నాను. "చదవని పేజీలు చింపి ఇక్కడ పెట్టి వెళ్లు, తగ్గిస్తాను" అన్నాడు. ఆ బేరం ఓడిపోయాను. తెనాలిలో నేను ఓడిన బేరాలు తక్కువ, ఓడినవన్నీ ఆ కొట్లోనే.

ఈ సంగతి తెలిసి మా ఆడపడుచు బాపట్లనుంచి ఒక నవల పట్టుకొచ్చింది. వాళ్లమ్మని చూసి ఒక పూట ఉండి వెళ్లింది. "ఇందులో చుక్క కన్నీరు లేదు వదినా, ఒట్టు" అంది. నేను నమ్మాను. సరుకు విప్పి చూడకుండా తీసుకోవడం నా జన్మలో అదే మొదలు. తరవాత అడిగితే, "అది ఏడుపు కాదు వదినా, త్యాగం" అంది.

ఆ నవలలో ఒక అత్త ఉంది. మొదటి అధ్యాయంలో కోడలి చేతిలో పాలగిన్నె లాక్కుంది, రెండో అధ్యాయంలో వాత పెట్టింది, మూడో అధ్యాయంలో గదిలో పెట్టి గొళ్లెం వేసింది. మా అత్తగారు పళ్లు నూరుతూ విన్నారు.

"ఇంత పని ఒక్కతే ఎప్పుడు చేస్తుందే? దానికి వేరే పనులుండవా? కొట్టూ గిట్టూ లేదా దానికి?"

"జమీందారీ అండి."

"అదీ సంగతి. పని లేనివాళ్ల వేషాలు." ఆవేశంలో తల ఎత్తబోతే భుజాలు పట్టుకుని ఆపాను. "నన్ను నొక్కకు. పాలగిన్నె లాక్కునేదాన్ని కాదు నేను" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆ అత్తకి జబ్బు చేసింది. కోడలే సేవ చేసింది. అత్త పోయింది. ఆ తరవాత ఇరవై పేజీలకి పైగా కోడలు శవం పక్కన ఏడుస్తూనే ఉంది. నేను కళ్లతో ముందుకెళ్లి చూసుకుని, "అత్త కన్నుమూసింది. ఏడాది గడిచింది" అని చదివేశాను.

"అంతేనా?"

"అంతేనండి."

"అత్త చస్తే కోడలు ఏడవనే లేదా?"

ఏం చెప్పినా చిక్కే. ఏడవలేదంటే ఆ లోటు నాకు చుట్టుకుంటుంది. ఏడ్చిందంటే చదవమంటారు. చివరికి, "ఏడ్చిందండి, చాలా దూరం" అన్నాను.

"చదువు."

"వద్దండి. మీ కన్ను..."

"నా కంటి మీద నీకెందుకే అంత బెంగ? పోతే పీట నీదేగా. అందుకేగా నువ్వూ నా కూతురూ కలిసి ఇలాంటివి ఏరుకొచ్చారు."

మూసిన తలుపు అవతల కొట్లో నాన్న ఎవరితోనో చింతపండు బేరమాడుతున్నారు. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను. ఒట్లు పెట్టుకోవచ్చు, అయ్యో అత్తయ్యా అనొచ్చు. నవలలో కోడలైతే కాళ్ల మీద పడేది.

"పీట నాకు కావాలండి" అన్నాను. "ఇలా మాత్రం వద్దు. అత్తని ఏడిపించి కన్ను పోగొట్టిందని రేపల్లెంతా అంటారు. ఆ పేరుతో కూర్చుంటే కొట్టుకి ఒక్కళ్లూ రారు."

కట్టు కింద ఆవిడ పెదవులు కదిలాయి. నన్ను తిడుతున్నారో, లాభనష్టాలు బేరీజు వేస్తున్నారో తెలియలేదు.

"ఇప్పుడు మాట్లాడావు కొట్టుపిల్లలాగా. ఇంక చదువు. నాకేం ఏడుపు రాదు."

చదివాను. కథలో వాన మొదలైంది, దీపం కొండెక్కింది, పంజరంలో చిలక పలకడం మానేసింది, కోడలు పాతికసార్లు అమ్మా అంది. రాసినావిడ దేన్నీ వదలలేదు. అంత చవకబారు ఏడుపుకి నేను మధ్యలో ఆగి నీళ్లు తాగాల్సి వచ్చింది, సిగ్గు లేకుండా. ముగించి, వంగి ఆవిడ కట్టు వైపు చూశాను.

"ఏంటి, తడుందేమోనని చూస్తున్నావా?"

"అవునండి."

"పొడిగా ఉందిలే. వాత పెట్టినదాని కోసం ఇంత ఏడ్చేది ఎక్కడైనా ఉంటుందా? రాసినావిడకి అత్త లేదు. ఉంటే ఇలా రాయదు."

నవలల మీద నేను విన్న విమర్శల్లో అంతకంటే సూటిది ఇప్పటికీ లేదు.

కట్టు విప్పిన రోజు డాక్టరు వేళ్లు చూపిస్తే సరిగ్గానే చెప్పారు. నన్ను ఎగాదిగా చూసి, "పుట్టింటి తిండి తిని ఒళ్లు చేశావు" అన్నారు. కన్ను దక్కిందని నాకు రూఢి అయింది. పీట మీద ఆశ ఆ గదిలోనే వదిలేసి ఆవిడ వెనకే రేపల్లె రైలెక్కాను.

సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని ఆవిడ మళ్లీ గల్లా ముందు కూర్చున్నారు. నెల తిరక్కుండానే నేను కొత్తగా మొదలుపెట్టిన నవల కనపడకుండా పోయింది. వెతుక్కుంటూ వెళ్తే ఆవిడ ఒళ్లోనే ఉంది. ఎదురుగా ఒకాయన నూనె సీసా పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, అరసోలెడు పొయ్యండి."

"ఆగవయ్యా. ఇక్కడ అత్తని అన్యాయంగా తిడుతున్నారు."

ఆయన ఆగలేదు, ఎదురు కొట్టుకి వెళ్లిపోయాడు. అలా నలుగురైదుగురు వెళ్లాక మా ఆయన ఇక లాభం లేదని మధ్యాహ్నాలు నన్ను పీట మీద కూర్చోమన్నారు. ఆవిడ అడ్డు చెప్పలేదు. పుస్తకం పట్టుకుని లోపలికి నడిచారు. నేను కొట్లో నూనె కొలుస్తుంటే, నేను ఇంకా సగమే చదివిన నవల గురించి గదిలోంచి కేక వినిపించేది.

"ఏమేవ్, ఆ పిల్ల చివర్లో నూతిలో దూకుతుంది. నువ్వింక చదవక్కర్లేదు!"