బిగించినవాళ్ళే ఎక్కాలి

చేతులకు పట్టిన గ్రీజు సబ్బుకు లొంగదు. ముందు కాస్త కిరసనాయిలు, ఆ తర్వాత గుప్పెడు రంపపు పొట్టు వేసి రుద్దాలి. ఇవాళ పొద్దున్న ఫిషింగ్ హార్బర్‌లో మా షెడ్డు వెనక కుళాయి దగ్గర చేతులు రుద్దుకుంటుంటే ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకు కొట్టాయి. వరహాలరావు మేస్త్రి గారు పక్కనే నిలబడి "తోలూడిపోద్ది, ఇక సాలు" అని అరిచినట్టే అనిపించింది. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. డీజిల్ ఇంజిన్లు విప్పడం, బిగించడం నాకు నేర్పిన మనిషి. నేను ఉద్యోగం మాని సొంత కాళ్ళ మీద నిలబడడానికి కారణమూ ఆయనే.

ఈమధ్య మా చుట్టాల్లో ఎక్కడ నలుగురు కలిసినా ఒకటే గోల. మా పెద్దమ్మ కొడుకు మద్దిలపాలెంలో ఏసీ ఆఫీసు వదిలేసి చిన్న చిన్న కొట్లకు లెక్కలు రాసిపెడుతున్నాడు. మా వదిన చెల్లెలు నిక్షేపంలాంటి కొలువు మాని బట్టలు కుడుతోంది. "నోటి దగ్గర కూడు కాలదన్నుకుంటున్నారు, వీళ్ళకేం పోయేకాలం!" అని పెద్దవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటున్నారు. పైవాళ్ళ పోరు పడలేక అని ఒకరంటారు, ఇంటిపట్టున ఉండొచ్చని ఇంకొకరంటారు. అవన్నీ నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ మాట వినపడ్డప్పుడల్లా మేస్త్రి గారే గుర్తొస్తారు.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. "ఉద్యోగం పురుష లక్షణం" అని ఆయనంటే, "మరి నా కూతురికో?" అని అమ్మ ఎదురు తగిలేది. నాకు మెకానికల్ డిప్లొమా పూర్తవగానే గాజువాక దగ్గర బోటు ఇంజిన్లు బాగుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇంట్లో పండగే. తీరా చేరాక, ఆడపిల్లనని నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఏ ఇంజిన్ వచ్చింది, ఏది వెళ్ళింది, అవి ఎక్కించడమే పని. అద్దం అవతల ఇంజిన్లు, ఇవతల నేను. మిఠాయి కొట్టు బయట నిలబడ్డ పిల్లలా ఉండేది నా పని.

ఒకరోజు భోజనాల వేళ ధైర్యం చేసి లోపలికి వెళ్ళాను. తెల్ల చొక్కా, మెలేసిన మీసం, గేటు దాకా వినపడే గొంతు. ఆయనే అక్కడ పెద్ద మేస్త్రి, వరహాలరావు గారు. ఆయనకో అలవాటుంది. ఇంజిన్లతో చుట్టరికం కలిపేవారు. అప్పుడు కూడా ఒక ముసలి ఇంజిన్ మీద చెయ్యేసి, "ఏటి బావా, అలగ దగ్గుతన్నావ్? మొన్నే గదేటి మందేసినాను!" అంటున్నారు. నాకు నవ్వాగలేదు. ఆయన గిర్రున తిరిగారు.

"ఏటమ్మా, కంపూటరికి కోపమొచ్చి నిన్ను తోలేసినాదేటి?"

"పని నేర్చుకుందామని వచ్చానండీ."

"నేర్సుకో, ఎవలొద్దన్నారు? గానీ నువ్వు దీన్ని బావా అనీకు. మీ నాన్న నన్ను తంతాడు. మావయ్యా అను" అని నా చేతిలో స్పానర్ పెట్టారు.

అప్పట్నుంచి నా మధ్యాహ్నాలూ సెలవు రోజులూ అక్కడే గడిచాయి. తప్పు బిగిస్తే ఆయన తిట్టే తిట్లు మా ఇంట్లో చెప్పుకోదగ్గవి కావు. సరిగ్గా బిగిస్తే మెచ్చుకునేవారా అంటే అదీ లేదు, ఇంకో కష్టమైన పని అప్పజెప్పేవారు. నేను చచ్చేంత సంతోషపడేదాన్ని.

హార్బర్‌లో ఒక పద్ధతుంది. ఇంజిన్ పూర్తిగా విప్పి మళ్ళీ బిగిస్తే, బోటు మొదటిసారి బయలుదేరినప్పుడు బిగించిన మేస్త్రి అందులో ఎక్కాలి. యారాడ కొండ దాటి, ఇంజిన్‌ను పూర్తి వేగంతో నడిపించి, అందరితో పాటు ఒడ్డుకు రావాలి. ఆ తర్వాతే బోటులోకి వలలు ఎక్కుతాయి. మేస్త్రి గారు కంపెనీలో ఉన్నా ఈ పద్ధతి తప్పేవారు కాదు. "మనం బిగించిన దాన్ని నమ్మి ఆళ్ళు పేనాలు ఎట్టుకుని ఎల్తారు. మనం ఓ పూట ఎల్లలేమా?" అనేవారు.

కంపెనీకి కొత్తగా వచ్చిన మేనేజరు దాన్ని ఆపేశాడు. ఇంజిన్ గేటు దాటితే మన పని అయిపోయినట్టే, సముద్రంలోకి మనుషుల్ని పంపడం కుదరదు అన్నాడు. ఆ నెలలోనే మేస్త్రి గారి చేతి మీదుగా వెళ్ళిన ఇంజిన్ ఒకటి నడిసముద్రంలో ఆగిపోయింది. ఒక పైపు వదులైందట. ఇంకో బోటువాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు, దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సంగతి ఆయనకు తెలిసింది కూడా టీ కొట్టు దగ్గర, ఎవరో నవ్వుతూ చెబితే. ఆయన ముఖం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. మేనేజరు మాత్రం, "కంప్లయింట్ వేరే సెక్షన్ చూసుకుంటుంది, మీకెందుకు?" అన్నాడు.

మర్నాడు ఆయన ఉద్యోగం మానేశారు. రిటైర్మెంటు కళ్ళ ముందుంది, ఈ వయసులో పిచ్చి పట్టిందా అని అందరూ గోల పెట్టారు. ఆయన ఒక్కటే మాటన్నారు. "జీతం ఆళ్ళిచ్చినారు. పేరు మా యమ్మెట్టినాది. పేరు పోతంటే జీతమెట్టి ఏటి కొనుక్కుంతాను?"

హార్బర్‌లో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ పక్కన రేకుల షెడ్డు తీసుకున్నారు. నేను ఒక నెల సెలవు పెట్టి వెళ్ళి చేరాను. నాన్న మండిపడ్డాడు. "ఈ సరదా తీరాక మాట్లాడకుండా ఆఫీసుకు వెళ్ళు. లేదంటే ఇంట్లో కూర్చో" అన్నాడు.

సెలవు అయిపోవస్తుండగా ఎల్లాజీ అనే ఆయన తన బోటు ఇంజిన్ తెచ్చాడు. మేస్త్రి గారు దాన్ని పూర్తిగా నాకే వదిలేశారు. విప్పాను, కడిగాను, అరిగినవి మార్చాను, బిగించాను. ఆయన ఎదురుగా కూర్చుని మీసం దువ్వుకోవడం తప్ప వేలు పెట్టలేదు. ఇది నడిస్తే నాకు హార్బర్‌లో బతుకుంది. చెడితే ఆడపిల్లకు ఇంజిన్ ఇచ్చే మొనగాడు అక్కడ మళ్ళీ పుట్టడు, నేను అద్దం ఇవతలికి పోవాల్సిందే.

బోటు బయలుదేరే రోజు తెల్లవారకముందే జెట్టీ మీదకు వెళ్ళాను. ఎల్లాజీ నన్ను చూసి నసిగాడు. "మేస్త్రీ, ఏటనుకోకు. ఆడకూతురు బోటెక్కడం మాకు అలవాటు నేదు. నువ్వొచ్చీ."

"నాను రాను" అన్నారు మేస్త్రి గారు. "ఇప్పినాది అది, బిగించినాది అది. నానెక్కితే అబద్ధమెక్కినట్టే. ఒద్దంటే సెప్పు, ఇంజినిప్పేసి అట్టుకుపోతాను."

చుట్టూ జనం మూగారు. అప్పుడు చేపల గంప పక్కన పెట్టి ఎల్లాజీ తల్లి సత్తెమ్మ లేచింది. "ఓర్నీ! ఇన్నాళ్ళూ నీ సేపలన్నీ ఏలం పాటెట్టి అమ్మినాది ఆడది కాదేట్రా? నానమ్మితే సెల్లినాయి, ఆ ఆడగుంట ఎక్కితే మునిగిపోతావా? ఎక్కించుకో బేగి, తెల్లారిపోతంది!"

జనం గొల్లున నవ్వారు. ఎల్లాజీ తల గోక్కుంటూ నాకు చెయ్యి అందించాడు.

యారాడ కొండ దాటేదాకా ఇంజిన్ ముద్దుగా నడిచింది. పూర్తి వేగం అందుకోగానే శబ్దం మారింది. బోటులో అందరూ నావైపు తిరిగారు. భయమేసింది, అది దాచేదేముంది? ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు బయటకొచ్చే పైపు దగ్గర చెయ్యి పెట్టాను. ధార సన్నగా వస్తోంది. ఇంజిన్ ఆపించి, నీళ్ళు లోపలికొచ్చే చోట ఉండే జాలీ విప్పాను. ప్లాస్టిక్ కవరొకటి లోపల చుట్టుకుని ఉంది. తీసి పారేసి, బిగించి, "ఊఁ, ఇక నడపండి" అన్నాను. ఇంజిన్ గర్జించింది! బోటు ముందుకు దూకింది. నేను కూడా ఏదో అరిచాను. ఎల్లాజీ అంతకంటే గట్టిగా అరిచాడు. "బావ్, మనకి మేస్త్రి దొరికినాదిరోయ్!"

ఒడ్డుకొచ్చేసరికి ఎండెక్కింది. ఇంకో బోటు యజమాని ఎదురొచ్చి ఇంజిన్ ఎవరు చేశారని అడిగాడు. మేస్త్రి గారు నా వంక గడ్డం ఊపి, టీ తాగడానికి వెళ్ళిపోయారు. ఆయన మెచ్చుకోలంటే అంతే.

నైట్ డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చినట్టున్నాడు, నాన్న కూడా జెట్టీ మీద నిలబడి ఉన్నాడు. నన్ను ఇంటికి లాక్కుపోవడానికే వచ్చాడనుకున్నాను. ముందుకొచ్చి బోటులోని ఇంజిన్ వైపు తొంగి చూశాడు.

"ఇన్నేళ్ళు ఉక్కు పోశానమ్మా" అన్నాడు. "అది ఏ వంతెనయిందో, ఎవరింటి శ్లాబయిందో నాకు తెలీదు. నువ్వు అదృష్టవంతురాలివి. రాజీనామా ఇవాళే ఇచ్చెయ్యి."

అక్కడే ఏడ్చేశాను. తర్వాత వెళ్ళి ఇచ్చేశాను.

ఇప్పుడు ఆ షెడ్డు నాది. మా దగ్గర ఇద్దరమ్మాయిలు పని చేస్తున్నారు, ఎవరు బిగించిన ఇంజిన్‌తో వాళ్ళు వెళ్తారు. పెద్ద పనులు వస్తే నేను వెళ్తాను. బోటు సముద్రంలోకి పోయాక ఒడ్డున ఉన్నవాళ్ళు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, క్షేమంగా తిరిగొస్తుందా అని చూస్తుంటారు. నాకు అలా చూడాల్సిన పని లేదు. నేను అందులోనే ఉంటాను.