తీగ పీకేసిన పెట్టె

నా చిన్నప్పుడు మా మావయ్య చెవులతో వైద్యం చేసేవాడు. మనుషులకు కాదు, కంప్యూటర్లకు. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు కొట్టు పైన, మేడగదిలో ఆయన రిపేరు షాపు ఉండేది. పాడైన పెట్టెను రిక్షాలో వేసుకుని ఎవరొచ్చినా ఆయన అడిగే మొదటి మాట ఒకటే, "ఏటి కూసింది?" తెర నల్లబడిపోయిందనీ, ఇంక పోయినట్టేననీ వాళ్ళు ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టేవాడు కాదు. "తెర సంగతి తరవాత, ముందు కూత సెప్పండి" అనేవాడు. అందుకే ఆ వీధిలో అందరూ ఆయన్ని కూతల మావ అని పిలిచేవారు.

ఇప్పటి పిల్లలకు ఈ కూతల సంగతి తెలియదు. ఆ రోజుల్లో కంప్యూటరు స్విచ్చి వేయగానే అది తన ఒళ్ళు తానే ఒకసారి తడిమి చూసుకునేది. అంతా బాగుంటే ఒక్క పొట్టి కూత కూసి పనిలోకి దిగేది. ఎక్కడైనా తేడా ఉంటే తెర మీద రాసి చూపించే ఓపిక దానికి ఉండదు కనుక, లోపలున్న రూపాయి బిళ్ళంత స్పీకరులోంచి కూతలు పెట్టేది. ఒక పొడుగు, రెండు పొట్టి అయితే తెరకు బొమ్మ పంపే కార్డు చెడినట్టు. పొడుగు కూతలే ఆగి ఆగి వస్తుంటే ర్యామ్ అనే చిన్న పలక సరిగా కూర్చోనట్టు. కంపెనీని బట్టి కూత మారుతుందని మావయ్య ఒక నోటుబుక్కులో అన్నీ రాసి పెట్టుకున్నాడు. అన్ని కోళ్ళూ ఒక్కలాగే కూయవు కదా అనేవాడు.

మాది జలంత్రకోట దగ్గర పల్లె. నాన్నకు కొంచెం కొబ్బరి, కొంచెం జీడితోట ఉండేవి. నాకు ఊహ తెలిసేనాటికే ఆయనకు నడుం నొప్పి. మా ఊరి డాక్టరు ఇచ్చిన తెల్ల బిళ్ళల అట్ట ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది. పొద్దున ఒకటి, పార దించాక ఒకటి, తక్కిన మగాళ్ళు చుట్ట ముట్టించినంత మామూలుగా వేసుకునేవాడు. మా తాతయ్య నేను ఒకటో తరగతిలో ఉండగా కిడ్నీల జబ్బుతో పోయాడు. మా ఊళ్ళో అలా పోయినవాడు ఆయనొక్కడే కాదు. అయినా ఆ జబ్బు పేరు ఎవరూ పైకి అనేవారు కాదు, 'ఆ రోగం' అనేవారు.

ఐదో తరగతి చదువుతున్నప్పుడు ఒక పొద్దున్న, కొబ్బరి డొక్కల గుట్ట వెనకాల నాన్న వాంతి చేసుకోవడం నేను చూశాను. చేసుకుని, అక్కడే గట్టు మీద కూర్చుని, తన కాలి మీద బొటనవేలితో నొక్కాడు. నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆ గుంట వంక ఆయన చాలాసేపు చూశాడు. తలెత్తేసరికి ఎదురుగా నేను. దగ్గరికి పిలిచి, నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు. "అమ్మకి సెప్పకు. ఎవులికీ సెప్పకు. నా మీద ఒట్టు" అన్నాడు. ఒట్టంటే మా ఈడు పిల్లలకు ఆషామాషీ కాదు. ఎవరి మీద ఒట్టేసి తప్పితే వాళ్ళు చచ్చిపోతారు. అది మాకు ఎక్కాల కంటే బాగా వచ్చిన పాఠం.

ఆ తరువాత కూడా నేను చాలా చూశాను. అన్నం ముందు కూర్చుని ముద్ద దిగక కుక్కకు వేసేయడం, చెప్పు పట్టక పాత చెప్పులు వెతుక్కోవడం. అమ్మకు అనుమానం వచ్చింది గానీ ఆయన్ని నిలదీసే ధైర్యం లేదు. తమ్ముడికి కబురు పెట్టింది. మావయ్య ఒక ఎత్తు వేశాడు. "గుంటకి కంప్యూటరు మీద బొమ్మలేయడం నేర్పుతాను, శనివారం తీసుకురా బావా" అని చెప్పించాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల, అంటే నేను. అసలు సంగతేమిటంటే ఆయన షాపుకు రెండిళ్ళ అవతల రక్తపరీక్ష చేసే ల్యాబు ఉంది. ఎలాగైనా నాన్నను ఆ రోజు అందులోకి తీసుకెళ్ళాలి. బస్సెక్కే ముందు అమ్మ నన్ను పక్కకు పిలిచి ఈ మాట చెప్పింది. "నాన్న ఒద్దంటే నువ్వైనా ఏడు, సేయి పట్టుకుని లాగు" అంది.

షాపులో మొదట చూసింది ఒక టైపు నేర్పే సెంటరు వాళ్ళ పెట్టె. మావయ్య ఫ్యాను ఆపించి, కింద కొట్టువాళ్ళను కూడా కాసేపు నోరుమూసుకోమని కేకేసి, నా చేతికి పలక ఇచ్చాడు. పొడుగు కూతకు గీత, పొట్టి కూతకు చుక్క పెట్టమన్నాడు. స్విచ్చి వేశాడు. గీత, గీత, గీత. "అయితే ఏటన్నమాట?" అని నోటుబుక్కు నా ముందుకు తోశాడు. నేను వేలు పెట్టి వెతికి ర్యామ్ అన్నాను. నా సంచీలోంచి సెంటు రబ్బరు అడిగి తీసుకుని, ఆ ర్యామ్ పలక అంచున ఉన్న పసుపు పళ్ళను దాంతో రుద్ది, తిరిగి కూర్చోబెట్టాడు. మళ్ళీ స్విచ్చి. ఒక్క చుక్క. తెర వెలిగింది.

నాన్న మూలన స్టూలు మీద కూర్చుని నవ్వుతున్నాడు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. "ఆ రబ్బరుతో నా నడుం కూడా రుద్దీ బావా" అన్నాడు. "రుద్దుతాను గానీ నీ నడుం కూత పెట్టదు కదేటి" అన్నాడు మావయ్య. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు చూసి, ఈ రోజు పరీక్ష అయిపోతుంది, నేను ఏడవనక్కర్లేదు అనుకున్నాను.

అప్పుడు ఒక ఆఫీసు గుమాస్తా ఇంకో పెట్టె తెచ్చాడు. స్విచ్చి వేస్తే కూత లేదు, వెలుగు లేదు. మావయ్య రెండుసార్లు వేసి చూసి, మూత విప్పి, లోపల టార్చి కొట్టి, గుమాస్తా మొహం వంక చూశాడు. స్పీకరు తీగ ఎవరో పీకేశారు. గుమాస్తా ఏ మాత్రం తడబడకుండా చెప్పాడు. "మజ్జాన్నం అయ్యేసరికి రోజూ కుయ్యో మొర్రోమని అరిసీదండి. అందరికీ తలనొప్పి. మా కుర్రోడు ఆ తీగేదో పీకీసినాడు. నాల్రోజులు సక్కగా పనిసేసింది."

లోపల ఫ్యాను దుమ్ము పట్టి బిగుసుకుపోయి ఉంది. గాలి ఆడక లోపలి భాగం కాగిపోతుంటే పెట్టె అరిచింది, అంతే. మావయ్య ఫ్యాను మార్చాడు. తీగ తిరిగి తగిలించాడు. స్విచ్చి వేసి, దాని మీదకు వంగి, చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. నేను పలక పట్టుకుని నిలబడ్డాను. పలక ఖాళీగా ఉండిపోయింది. "పోనాది" అన్నాడు చివరికి. "అరిసినన్నాళ్ళూ బతికే ఉన్నాదండి. అప్పుడు తెత్తే ఫ్యాను మార్సి పంపిద్దును." గుమాస్తా ఏదో గొణుక్కుంటూ పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

మావయ్య బల్ల దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నాన్న చొక్కా జేబులోంచి తెల్ల బిళ్ళల అట్ట తీసి, ఆ తెరిచిన పెట్టె పక్కన పెట్టాడు. గట్టిగా కూడా అనలేదు. "బావా, ఇయ్యే నువ్వు పీకుకున్న తీగ. నడుం కూత్తన్నాది, నువ్వు బిళ్ళేసి నోరు మూయిత్తన్నావు. అయ్యి ఎక్కువ మింగితే కిడ్నీలకి సెడ్డవంట. పద, రెండిళ్ళవతలే. సూదంత నొప్పి."

నాన్న నవ్వు ఆగిపోయింది. తరువాత చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "మా అయ్య కాగితం వచ్చేదాకా మడిసే బావా. తోటకెళ్ళీవోడు, కూడు తినీవోడు. కాగితం మీద అంకె సూసినాక మంచమెక్కినాడు. ఆర్నెల్లు తిరగనేదు. నాకా కాగితం వద్దు." రోగం కాదు, కాగితం చంపుతుందని ఆయన నమ్మకం. ఆయనొక్కడిదే కాదు, అప్పట్లో మా పల్లెల్లో సగం మందిది అదే నమ్మకం. పరీక్షకు వెళ్ళినవాణ్ణి రోగాన్ని ఇంటికి పిలుచుకొచ్చినవాడిలా చూసేవారు.

మావయ్య నా వైపు తిరిగాడు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళలోకి చూశాడు. "అమ్మీ, నువ్వు సెప్పు. ఇంటికాడ నాన్నకి ఏటైనా ఔతన్నాదా? కాళ్ళు వాస్తన్నాయా? కూడు తింతన్నాడా?"

అన్నీ నా గొంతు దాకా వచ్చాయి. డొక్కల గుట్ట, కాలి మీద గుంట, కుక్కకు వేసిన అన్నం. నాన్న వంక చూశాను. ఆయన కళ్ళెర్ర చేయలేదు, తల కూడా ఆడించలేదు. ఊరికే తన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు, చెమట తుడుచుకుంటున్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను. ఏమీ లేదు మావయ్యా, బాగానే ఉన్నాడు అన్నాను. ఏడవమని అమ్మ చెప్పిన ఏడుపు కూడా రాలేదు.

నాన్న బిళ్ళల అట్ట తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. బస్టాండులో నాకు జామకాయ కొనిపెట్టాడు. ఉప్పూకారం అద్దించుకుని గింజలతో సహా తినేశాను. ఆ జామకాయ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

నాలుగు నెలలు గడిచాయి. వానలు పడ్డాక మావయ్య మా ఊరు వచ్చాడు. నాన్న అప్పటికి పెరట్లోంచి వీధి అరుగు దాకా నడిస్తే ఆయాసపడుతున్నాడు. బిళ్ళలు మాత్రం మానలేదు. నేను ఇంక ఆగలేక మావయ్యను నూతి దగ్గరికి తీసుకుపోయి మొత్తం చెప్పేశాను. చెప్పి, "ఇప్పుడు నాన్న సచ్చిపోతాడు, నాను ఒట్టు తప్పినాను" అని వెక్కి వెక్కి ఏడ్చాను. మావయ్య నూతి గట్టు మీద కూలబడిపోయాడు. "ఓలమ్మ, ఒట్టేయించుకున్నాడా నీ సేత" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఆ గట్టు రాయికేసి అద్ది, "ఇదిగో, ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసినాను. ఇంక నీకేటీ అంటదు" అన్నాడు. అదే సాయంత్రం నాన్నను మోటారుసైకిలు మీద ఎక్కించుకుని తీసుకుపోయాడు. ఈసారి నాన్న వద్దనలేదు.

కాగితం వచ్చింది. అంకె చూసిన డాక్టరు ఇంత ఆలస్యంగా ఎందుకు తెచ్చారని తిట్టాడట. తరువాత విశాఖపట్నం, డయాలసిస్ అనే రక్తం కడిగే యంత్రం కోసం వారానికి రెండు ప్రయాణాలు, ఒక్కొక్క కొబ్బరిచెట్టూ ఎవరికో గుత్తకు వెళ్ళిపోవడం. ఒకరోజు బస్సులో నా పక్కన కూర్చుని నాన్న చాలా నెమ్మదిగా అన్నాడు. "నీ సేత ఆ ఒట్టు ఎయ్యించుకోకుండా ఉండాల్సింది గుంటా. తప్పు సేసినాను." నేను ఏడో తరగతిలో ఉండగా ఆయన పోయాడు.

ఆయన పోయాక చాలా రోజులు నేను చెప్పినందుకే పోయాడని నమ్మాను. కొంచెం పెద్దయ్యాక, చెప్పనందుకే పోయాడని నమ్మాను. ముందుకెళితే నుయ్యి, వెనక్కెళితే గొయ్యి. కాలేజీలో చేరే ముందు ఒకసారి మావయ్య షాపులో కూర్చుని ఇదే మాట అంటే, ఆయన చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టి నా తల నిమిరాడు. "తీగని ఎందుకు తిట్టుకుంటావే? తీగ పీకింది పెద్దోడు. పదేళ్ళ గుంటవి నువ్వేటి సేత్తావు" అన్నాడు. ఆ మాట సగం నమ్మాను. మిగతా సగం ఇంకా నమ్మలేకపోతున్నాను.

నాకిప్పుడు నలభై దాటాయి. మా ప్రాంతంలోనే ఒక డయాలసిస్ గదిలో యంత్రాలు చూసుకునే పని నాది. అవి రోజంతా కూస్తూనే ఉంటాయి. ప్రతి యంత్రం మీదా కూత ఆపేసే మీట ఒకటి ఉంటుంది. కొత్తగా పనిలోకి వచ్చిన అమ్మాయిలు చూడకుండానే ఆ మీట నొక్కబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపుతాను. ముందు ఎందుకు కూస్తోందో చూడండి, తరువాత నొక్కండి అంటాను. ఈవిడ చాదస్తం అని నా వెనకాల నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోనీ.

మొన్న ఒకాయన మొదటిసారి వచ్చాడు, సంతబొమ్మాళి వైపు సముద్రం మీద వేటకు పోయే మనిషి. ఇంట్లో ఇంకా ఆ నొప్పి బిళ్ళలేవైనా వాడుతున్నారా అని అడిగితే లేదని ఒట్టేసి చెప్పాడు. ఆయన వెంట తొమ్మిదేళ్ళ కూతురు ఉంది. నేను అడుగుతున్నంతసేపూ ఆ పిల్ల తన కాళ్ళ వంకే చూస్తోంది. ఆయన్ని యంత్రానికి తగిలించాక ఆ పిల్లను వరండాలోకి తీసుకెళ్ళి పిట్టగోడ మీద కూర్చోబెట్టాను. ఏమీ అడగలేదు. దాని చిన్న చెయ్యి పట్టుకుని గోడకు ఆనించి, "ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసినాను. నువ్వు సెప్తే మీ నాన్నకి ఏటీ అవదు" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. తరువాత ఏడుస్తూ చెప్పడం మొదలుపెట్టింది.