మనవాళ్ళేనా

ఆ వీధుల్లో అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు. అద్దె ఇళ్ళు చూపించడం ఆయన పని. చుట్టుపక్కల ఖాళీ ఇళ్ళ తాళాలన్నీ ఆయన చేతిసంచిలోనే ఉంటాయి, ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం కట్టి. ఇరవై రెండేళ్ళలో ఒక్క తాళం పోగొట్టుకోలేదు. ఆ మాట రోజుకి రెండుసార్లయినా చెప్పకపోతే ఆయనకి తిన్నది అరగదు.

ఇల్లు చూపించడానికి ఆయనకో పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళని వీధి చివర నిలబెట్టి, పది అడుగులు పక్కకి వెళ్ళి యజమానికి ఫోన్ చేస్తాడు. అవతలివాళ్ళు ముందు అడిగేది ఒకటే: "మనవాళ్ళేనా?" అవునంటే గేటు తెరుచుకుంటుంది. కాదంటే ఆయన తిరిగొచ్చి, "నిన్ననే ఎవరికో ఇచ్చేశారటండీ" అని తెగ నొచ్చుకుంటాడు. ఎవరికీ మొహంమీద కాదనిపించుకునే గతి పట్టనివ్వలేదని ఆయన గర్వం. ఎవరైనా నిలదీస్తే, "నాకు అందరూ ఒక్కటేనండీ, ఇల్లు నాది కాదుగా" అంటాడు. అంత శుభ్రంగా చేతులు దులుపుకునే మనిషి వెతికినా దొరకడు.

ఆయనకి ఒక్కతే కూతురు, రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో ఉద్యోగం. రెండు నెలల క్రితం కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. ఆ అబ్బాయి మనవాళ్ళు కాదు. వాళ్ళ దేవుడు వేరు, పేర్లు వేరు. తాళాలాయన రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాడు, సాక్షి సంతకం పెట్టాడు, ఫొటోలో మాత్రం నిలబడలేదు. ఇప్పుడు ఆ జంట ఉంటున్న గది యజమాని, అబ్బాయి పూర్తి పేరు తెలిశాక, ఆదివారంకల్లా ఖాళీ చెయ్యమన్నాడు.

"నాన్నా, ఎక్కడైనా ఓ ఇల్లు చూసిపెట్టు" అంది కూతురు ఫోన్లో. "ఇంతమందికి చూపిస్తావుగా."

మూడు రోజులు ఆయన కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. తొమ్మిదిమంది యజమానుల్ని అడిగాడు. "అబ్బాయి చాలా నెమ్మదస్థుడండీ" అని మొదలుపెట్టేలోపే ఆ ప్రశ్న. ఒకాయన "మా పద్ధతులు వేరు కదా" అన్నాడు. ఇంకొకావిడ "మాకేం పట్టింపు లేదండీ, పక్కవాళ్ళు ఊరుకోరు" అంది. ఇన్నాళ్ళూ తలాడిస్తూ విన్న మాటలే. ఇప్పుడు మాత్రం తలాడించలేకపోయాడు. పద్ధతులంటే ఏమిటసలు? ఆ పద్ధతులున్న ఇంట్లో నీళ్ళ మోటారు దగ్గర గొడవొచ్చి అన్నదమ్ములు మాట్లాడుకోవడమే మానేశారని ఆయనకి తెలుసు.

శనివారం పొద్దున మొట్టమొదటిసారి ఆయన ముందుగా ఫోన్ చెయ్యలేదు. కూతుర్నీ అల్లుణ్ణీ వెంటబెట్టుకుని నేరుగా, వాటా అద్దెకివ్వాలనుకుంటున్న ఒక రిటైరైన టీచరమ్మ గేటు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ నలుగురికీ మంచి చెప్పే మనిషి. పిల్లల మొహాలు చూస్తే కాదనలేకపోతుందని ఆయన ఆశ.

ఆవిడ కుర్చీలు వేయించింది, అల్లుడి పేరడిగింది, తర్వాత తాళాలాయన వైపు తిరిగింది.

"'మనవాళ్ళేనా అని ముందే అడిగెయ్యండమ్మా, తర్వాత గొడవలుండవు' అని మీరే కదండీ చెప్పారు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ అడుగుతున్నాను."

"ఈ అమ్మాయి నా కూతురండీ. అతను మా అల్లుడు."

"అందుకే అంటున్నా, ఏమీ అనుకోకండి. మీ మేడమీద రెండు గదులూ వేసవినుంచి ఖాళీగానే ఉన్నాయిగా?"

ఉన్నాయి. రంగులు వేయించి, తాళం పెట్టి ఉన్నాయి. కూతురు ఫోన్ చేసినప్పుడే అవి ఆయనకి గుర్తొచ్చాయి. గుర్తొచ్చినందుకే అంత హడావిడిగా వీధిన పడ్డాడు. అల్లుణ్ణి ఇంట్లో పెట్టుకుంటే రేపు ఏ యజమాని తాళం చేతికిస్తాడని తనకి తాను చెప్పుకున్నాడు. అది సాకు. ఆ అబ్బాయి రోజూ తన మెట్లెక్కి దిగడం ఆయనకే ఇష్టం లేదు. ఇన్నేళ్ళూ యజమానులదని చెప్పుకున్న ప్రశ్న ఆయనది కూడా. అది తెలిసి ఆయనకి తనమీద తనకే అసహ్యం వేసింది.

అల్లుడు చెప్పులవంక చూస్తూ కూర్చున్నాడు. కూతురే ఆవిడకి జవాబు చెప్పింది, కోపం లేకుండా, నెమ్మదిగా.

"ఆ గదులు నేను అడగలేదండీ. అడిగితే కాదంటారు. అప్పుడిక ఆయన్ని నాన్నా అని పిలవలేను."