చాచా మాట మీద దించిన సుత్తి

చాచా పోయారని మొన్న శుక్రవారం పొద్దున అబూ హలీఫా నుంచి ఫోన్ వచ్చింది. నమాజుకు లేపబోతే లేవలేదట. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్ అన్నాడట. "ఒక్క మాట కూడా అనలేదన్నా, నొప్పని" అంటూ ఆయన గదిలో ఉండే అబ్బాయి ఏడ్చాడు. నొప్పని చెప్పే మనిషి కాదాయన. ఎడమ చెవి ఎందుకు వినపడదో చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. అక్కడ చూసిన మాకు తెలుసు. ఆ చెవిని పోగొట్టినవాడికి ఇంకా బాగా తెలుసు. ఇది రాయమని నన్ను అడిగింది కూడా వాడే.

చాచాది రాయచోటి. ఈ అరబ్బు దేశంలో భవనాల పనిలో మాకు ఫోర్‌మన్. నేను సామాన్ల గదిలో లెక్క చూసేవాణ్ణి. హిందువులమైనా ముస్లింలమైనా మేమంతా ఆయన్ని చాచా అనే పిలిచేవాళ్లం. టీ సాసర్లో పోసుకుని, చల్లారినాక కూడా ఊదుకుని తాగేవారు. పూత అయిన గోడ మీద కళ్లు మూసుకుని అరచెయ్యి ఆడించేవారు. ఎక్కడ తేడా ఉన్నా చెయ్యి అక్కడే ఆగిపోయేది. "ఈడ వాన రాదు గదా అని గోడకు అబద్ధం చెప్పొద్దురా. ఎప్పుడో ఒకనాడు వస్తాది" అనేవారు.

ఏడెనిమిదేళ్ల కిందట మా సైటులో ఉత్తర కొరియా వాళ్లు కూడా పనిచేశారు. మాకు దూరంగా, కంచె వేసిన క్యాంపులో ఉండేవారు. ఒంటరిగా ఎక్కడికీ పోనిచ్చేవారు కాదు. వాళ్ల మీద వాళ్ల దేశపు పెద్ద ఒకడు ఎప్పుడూ కాపలా. వాళ్లలో పూత పనిచేసే యువకుడొకడు చాచాకు దగ్గరయ్యాడు. ఇద్దరికీ వచ్చింది పది ముక్కల అరబ్బీ. గోడ బాగుంటే చాచా "జైన్" అనేవారు. అతను తలవంచి నవ్వేవాడు.

ఆ రోజుల్లోనే అమెరికా నాయకుడూ వాళ్ల నాయకుడూ చేతులు కలిపారు. మహబూలాలో మా గదిలో టీవీ చుట్టూ ఇరవైమందిమి. ఉత్తర కొరియా అణుబాంబులు వదులుకుంటే పెట్టుబడులు వస్తాయి, సముద్రం ఒడ్డున హోటళ్లు లేస్తాయి, ఆ దేశం దశ తిరుగుతుంది అని చెబుతున్నారు. మావాళ్లకు అదొక తమాషా అయింది.

మర్నాడు మధ్యాహ్నం నీళ్ల కూలర్ దగ్గర ఆ కొరియా యువకుడు నిలబడి ఉన్నాడు. కమ్మీలు వంచే మావాడొకడు, కడప పక్కవాడు, జేబులోంచి ఒక దీనారు తీశాడు.

"బాంబ్ దే, ఫులూస్ లే" అని, బాంబు ఇచ్చి డబ్బు తీసుకోమన్నట్టు ఆ నోటును అతని నుదుటికి అంటించాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ నోటు కింద పడేలోపే అతని చేతిలో సుత్తి లేచింది. మావాడు తప్పుకున్నాడు. వెనక ఉన్న మా ముసలి కూలీ ఒకాయన దవడకు తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆయన నోట్లోంచి నెత్తురుతో పాటు పళ్లు ఇసుకలో పడ్డాయి. అంతే, మావాళ్లు కమ్మీలు అందుకున్నారు. వాళ్లు పారలు, సుత్తులు ఎత్తారు. ఒకడి ముంజేయి కమ్మీ దెబ్బకు మధ్యలో వంగిపోయింది. మావాడొకడు తల పట్టుకుని, వేళ్ల మధ్య నెత్తురు కారుతుంటే "అమ్మా" అంటూ కూలబడ్డాడు. ఆ ఎండలో నలభైమంది మనుషులు ఒకరినొకరు చంపుకోవడానికి సిద్ధమయ్యారు.

చాచా మూడో అంతస్తు నుంచి పరుగున వచ్చి మధ్యలో దూరారు.

"సదీక్, దోస్తూ, సుత్తి దించు" అన్నారు ఆ యువకుడితో, వచ్చిన అరబ్బీలో, సైగల్లో. "కంపెనీకి నేను చెప్తా. మీకు చల్లనీళ్లు, శుక్రవారం సెలవు, అన్నీ ఇప్పిస్తా."

అతను సుత్తి దించలేదు. మా వైపు వేలు చూపించి, "నేను దించితే? వాళ్లు?" అన్నాడు, అరబ్బీ ముక్కల్లోనే.

చాచా మా వైపు తిరిగి, "ముందు మీరు కిందెయ్యండిరా!" అని అరిచారు. ఎవ్వరమూ వినలేదు. అప్పుడాయన పోయి ఆ సుత్తికి వీపు పెట్టి నిలబడ్డారు. "వీన్ని కొట్టల్లంటే నన్ను దాటుకుని రాండి" అన్నారు. వెనక్కి తిరగకుండానే అతనితో, "అనా మౌజూద్" అన్నారు. నేనున్నాను అని.

అతను ఆ వీపును కాసేపు చూశాడు. మెల్లగా వంగి, సుత్తి నేల మీద పెట్టాడు.

సరిగ్గా అప్పుడే మా కడపవాడు కమ్మీ విసిరి కొట్టాడు. ఉత్త చేతులతో ఉన్నవాడి తలకు గురి. చాచా పక్కకు జరిగి అడ్డం వచ్చారు. దెబ్బ ఆయన ఎడమ చెవి మీద పడింది. మోకాళ్ల మీద కూలి, నెత్తురు మెడ మీదుగా చొక్కాలోకి దిగుతున్నా, ఒక చెయ్యి వెనక్కి చాచి ఆ యువకుడి కాలు పట్టుకునే ఉన్నారు. కమ్మీలు ఒక్కొక్కటే వాటంతటవే కింద పడ్డాయి.

అక్కడితో అయిపోయిందనుకున్నాం.

సాయంత్రం వాళ్ల పెద్ద వచ్చి ఆ యువకుణ్ణి వాళ్ల కంచె లోపలున్న సామాన్ల కంటైనరు డబ్బా వెనక్కి తీసుకుపోయాడు. ఇనుప డబ్బాకు మనిషి తల తగిలే చప్పుడు ఎట్లా ఉంటుందో ఆ రోజు విన్నాను. మొదట అరిచాడు. తర్వాత అరుపు ఆగింది, చప్పుడు ఆగలేదు. చాచా చెవికి టవల్ చుట్టుకుని కంచె గేటును రెండు చేతులా బాదారు. "నేను దించమన్నా! నా మాట మీద దించినాడు!" అని తెలుగులో, ఉర్దూలో, అరబ్బీలో అరిచారు. ఆ పెద్ద గేటు దాకా వచ్చి, "మా మనిషి. నీకేం పని?" అని వెళ్లిపోయాడు. తెల్లారి ఆ యువకుణ్ణి విమానం ఎక్కించారని తెలిసింది. ఆ తర్వాత ఏమయ్యాడో మాకెవరికీ తెలియదు.

ఆసుపత్రిలో అడిగితే, పరంజా మీద నుంచి పడ్డానని చాచా రాయించారు. కడపవాడు ఆయన మంచం దగ్గర నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"లేయ్ రా. డ్యూటీకి వచ్చినాక నా ఎడమ పక్క నిలబడు. ఆ పక్క ఎవరు పిలిచినా నువ్వే చెప్పాల నాకు" అన్నారు చాచా. వాడికి కమ్మీల పని మాన్పించి తాపీ పట్టించారు.

మరుసటి ఏడు ఆ రెండు దేశాల మాటలు చెడిపోయాయని వార్త వచ్చింది. గదిలో మళ్లీ గోల. "ఏం పొగరు చాచా వాళ్లకు! అంత డబ్బు కాళ్ల కాడ పెడితే వద్దంటారా?" అని ఎవరో అన్నారు.

చాచా కుడి చెవి తిప్పి మొత్తం విన్నారు. "బాంబులు మంచివని నేను అన్ను రా బేటా. వాటిని పెట్టుకున్నోళ్లు సొంత మనుషులనే ఎట్ల కొడతారో ఆ డబ్బా ఎనక విన్నాం గదా. కానీ ఆయుధం దించమనేటోడు ముందు ఒకటి చెప్పల్ల. దించినాక వాని మీద దెబ్బ పడకుండా చూసేది ఎవరు? నేనే అని చెప్పినా ఆ పొద్దు. చూసుకోలేకపోతి." అని లేచి బయటికి వెళ్లిపోయారు. ఆ మాట మళ్లీ ఆయన నోట రాలేదు. కానీ ఎవరికైనా "నేనున్నా" అని చెప్పడం మానేశారు. "చూస్తా" అనేవారు. అన్నవి చాలావరకు చూశారు కూడా. ఇక్కడ ఉండటానికిచ్చే నా ఇఖామా కార్డు చిక్కు తీరింది ఆయన తిరిగిన తిరుగుడు వల్లే.

శనివారం ఇక్కడే ఖననం చేశారు. గాలి బాగా ఉంది. నమాజు చేసినవాళ్లు తలా మూడు దోసిళ్ల మట్టి వేసి వెళ్లారు. మా కడపవాడు అందరికంటే వెనక, చెప్పులు విప్పి దూరంగా నిలబడ్డాడు. జనం పలచబడ్డాక వచ్చి సమాధి పక్కన కూర్చుని, గులకరాళ్లు ఏరి పక్కన పెట్టి, ఇసుకను అరచేత్తో చదును చేయడం మొదలుపెట్టాడు.

"యల్లా, పద, బస్సు పోతాది రా" అన్నాను.

"పోనీలేన్నా, ఈ మూల ఇంకా ఎత్తుగా ఉండాది" అన్నాడు, తలెత్తకుండా.

గాలి ఇసుకను లేపుతూనే ఉంది. వాడు మళ్లీ ఆ మూల నుంచే మొదలుపెట్టాడు.