కొంగలు లేని రోజు

ఏటి మొగ దగ్గర కర్ర మంచె మీద జెండా ఎత్తే ఆయన్ని అందరూ జెండాయన అనే పిలుస్తారు. అసలు పేరు జీతమిచ్చేవాళ్లకే గుర్తుండాలి. నది సముద్రంలో కలిసేచోట నీళ్ల కింద ఓ ఇసుక దిబ్బ ఉంది. అది దొంగ దిబ్బ, ఇవాళ ఉన్నచోట రేపుండదు. పడవకి దారి ఉంటే తెల్లజెండా, లేకపోతే ఎర్రజెండా. ఇంతే ఉద్యోగం.

దారి తెలిసేది పిట్టల్ని బట్టే. కొంగ నిలబడ్డచోట మోకాలి లోతు, నీటికాకి మునిగినచోట దారి. ఆయన తండ్రీ అలాగే చూసేవాడు. "మా అన్నయ్య జెండా ఎత్తాడంటే నేను కళ్లు మూసుకుని వచ్చేస్తా" అనేవాడు తమ్ముడు. దూరంగా లంగరేసిన ఓడలకి మంచినీళ్లు, కూరగాయలు మోసే పడవ అతనిది.

పోయినసారి గాలివాన వెలిసిన మర్నాడు మొగంతా ఖాళీగా కనిపించింది. దిబ్బ ఉండేచోట ఒక్క కొంగ లేదు. కొట్టుకుపోయింది కాబోలనుకుని జెండాయన తెల్లజెండా ఎత్తేశాడు. గాలికి బెదిరి పోయింది కొంగలే గానీ దిబ్బ కాదని ఆయనకి తట్టలేదు. తమ్ముడి పడవ దానికే తగిలి తిరగబడింది. మనిషి దొరికాడు, ప్రాణం లేదు.

అప్పట్నుంచీ జెండాయన ఏడవలేదు. ఏడుపొస్తే బాగుండునని తలుపేసుకుని కూర్చున్నాడు కూడా, రాలేదు. గుండె రాయి చేసుకున్నాడన్నారు జనం. ఆయన చేసుకున్నదేమీ లేదు, దానంతట అదే అయింది. తమ్ముడి భార్య పక్క వాటాలోనే ఉంటుంది. రోజూ క్యారేజీ గుమ్మంలో పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోతుంది. ఒకరోజు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. తన ఇంట్లో తను ముద్ద నోట్లో పెట్టుకున్నాక గానీ ఆ సంగతి ఆమెకి తెలియలేదు. జెండాయనకి పెట్టిన క్యారేజీ మాత్రం నాకినట్టు ఖాళీగా తిరిగొచ్చింది.

మంచె మీద ఇక ఎప్పుడూ ఎర్రజెండానే. రోజూ చచ్చేవాడికి ఏడ్చేదెవరు? పడవలవాళ్లు అటు చూడడమే మానేసి, వాళ్ల తిప్పలేవో వాళ్లే పడుతున్నారు. మరదలు తమ్ముడి పడవే బాగుచేయించి తనే నడపసాగింది. మిగతా పడవల వెనకాలే పోయి, వెనకాలే వచ్చేది.

ఒకరోజు మధ్యాహ్నానికి ఆకాశం మసిగుడ్డలా తయారైంది. మళ్లీ గాలివాన కబురొచ్చింది. పెద్ద ఓడలు లంగరెత్తి లోసముద్రానికి పోతున్నాయి. పడవలన్నీ ముందే ఒడ్డు చేరాయి. ఒక్కటే బయట ఉండిపోయింది. మంచె మీద, పడవలతో మాట్లాడే వైర్‌లెస్ గరగరమంది.

"బావగారూ, నేనే. మీరు తెల్లజెండా ఎత్తితేగానీ నేను రాను."

ఎన్నాళ్లకో పలికింది. ఆయనకి సంతోషమూ కలగలేదు, భయమూ కలగలేదు. మొగ వైపు చూశాడు.

"నాకేం తెలియడం లేదమ్మా. కొంగల్లేవు."

"కొంగల్లేకపోతే మీరు లేరా?"

ఆయన తెల్లజెండాని వెదురుగడకి కట్టుకుని మంచె దిగాడు. ఆటు కావడంతో నీరు తగ్గి ఉంది. గడతో ముందు పొడుచుకుంటూ దిబ్బ మీదుగా నడిచాడు. నీళ్లు మోకాళ్లకొచ్చాయి, నడుముకొచ్చాయి. ఒకచోట గడ ఎంత దించినా అడుగు తగల్లేదు. దిబ్బ అక్కడితో సరి, ఆ పక్కదే దారి. గడ పైకి లాగి, జెండా ఎత్తి పట్టుకుని, అక్కడే కొంగలా నిలబడ్డాడు.

పడవ తిన్నగా ఆయన మీదికే వచ్చి, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో పక్కకి తిరిగింది. ఓ కెరటం లేచి ఆయన మొహాన కొట్టింది.

"తాడు పట్టుకోండి! ఎంతసేపలా నిలబడతారు?"

పట్టుకున్నాడు. ఎలాగో పైకి పాకి, పడవ అడుగున చతికిలబడి దగ్గాడు.

"నోరంతా ఉప్పు," అన్నాడు.

"ఇప్పటికి తెలిసిందా?" అంది మరదలు.

అప్పుడొచ్చింది ఏడుపు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, తమ్ముణ్ని పిలుస్తూ, గొంతు పోయేదాకా ఏడ్చాడు. చుక్కాని దగ్గర ఆమె కూడా ఏడుస్తూనే ఉంది. చేతిలోని చుక్కాని మాత్రం వదల్లేదు.