మలాజ్ గదిలో సానరాయి

ఏ పరీక్ష పెట్టినా ఆ రాయి ఒక జవాబు చెప్పేది, తర్వాతి పరీక్షలో ఆ జవాబును తానే కాదనేది. రియాద్‌లో, మలాజ్‌లోని మా గదిలో, ఆ వేసవి చాలావరకు దానితో తగువు పడటానికే సరిపోయింది.

దాన్ని హరాజ్‌లో కొన్నాను. పాత సామాను కుప్పలు పోసి అమ్మే బజారు అది. తుప్పుపట్టిన స్పానర్ల మధ్య మూతలేని చెక్కపెట్టెలో పడి ఉంది. జానెడు పొడవు, మూడు వేళ్ల వెడల్పు, పైన నల్లటి జిడ్డు. గోటితో గీకితే పైపొర వెన్నరంగులో, కిందిపొర ఊదా కలిసిన బూడిదరంగులో కనబడింది. మంగలి కత్తులకు పదునుపెట్టే రాళ్లలో బాగా పేరున్నది బెల్జియం కొండల్లో దొరుకుతుందని, అందులో పసుపుపొర, ఊదాపొర కలిసే ఉంటాయని చదివాను. చదివానంటే ఫోనులో కాదు. నగరంలోని గ్రంథాలయంలో, ఇంగ్లీషు పుస్తకాల గదిలో, శిలల గురించిన లావుపాటి పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకుని. పదో తరగతితో బడి ఆగిన నాకు ఊళ్లో శాఖా గ్రంథాలయమే కాలేజీ. ఆ బల్ల, ఆ కుర్చీ ఏ దేశంలోనైనా వెతుక్కుంటాను. ఏసీ మెకానిక్‌కు రాళ్ల పుస్తకం ఎందుకని గదిలో నవ్వేవాళ్లు.

ఈసారి ఆ పుస్తకం అవసరం నిజంగానే వచ్చింది. మా అక్క భర్త, మా బావ, అదే గదిలో ఉండేవాడు. మాది క్షౌరవృత్తి చేసే ఇల్లు. నేను స్క్రూడ్రైవర్ పట్టాను. బావ మాత్రం ఆ వృత్తి మీదే వచ్చి దగ్గర్లోని ఒక సెలూన్‌లో చేరాడు. పరదేశి పనివాళ్ల మీద లెవీలు పెరిగిన కాలం. ఇంతమంది సౌదీలను పనిలో పెట్టుకోవాలనే నితాఖాత్ లెక్కలో ఆ సెలూన్ రెడ్‌లో పడింది. ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డును ఇక రెన్యూ చేయించలేనని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చెప్పేశాడు. బావకు ఫైనల్ ఎగ్జిట్ పడింది, ఇక ఇంటికే.

జగిత్యాల దగ్గర మా ఊళ్లోనే మళ్లీ మంగలి పొది పట్టుకోవాలని బావ నిశ్చయించుకున్నాడు. పెళ్లికొడుకు గడ్డానికీ, చావింట్లో గుండ్లకూ కత్తే కావాలనే ఇళ్లు అక్కడ ఇంకా ఉన్నాయి. తండ్రి వాడిన కత్తి బావ దగ్గరే ఉంది. ఇక్కడి సెలూన్లలో ఒకసారి వాడి పారేసే బ్లేడు తప్ప మరొకటి ముట్టనివ్వరు కనుక అది పెట్టె అడుగున పడి మొద్దుబారింది. ఊళ్లో ఉన్న వాళ్ల సానరాయి ఎప్పుడో పగిలిపోయింది. పని మొదలుపెట్టాలంటే అతనికి రాయి కావాలి.

"నీ రాయి మా నాయిన కత్తిని గడ్డం గీసేటట్టు జేస్తే పట్కపోత," అన్నాడు బావ. "లేకుంటే సంచిల దానికెందుకు జాగ? మీ అక్క కంబలి తెమ్మన్నది."

"మామూలు రాయి గాదు బావా. బెల్జియంది."

"ఏ దేశపుదైతేంది. ఇఖామా ఉన్నదా దానికి?"

గదిలో అందరూ నవ్వారు. నేను వెనిగర్ తెచ్చాను. సున్నపురాయి అయితే చుక్క పడగానే నురగ రావాలి. రాలేదు. సంతోషించాను. తర్వాత బరువు చూడాలి. బెల్జియం రాయి పలకరాయికన్నా బరువు. రాయిని ముందు ఊరికే తూచి, తర్వాత తక్కెడ మీద నీళ్ల గిన్నె పెట్టి, అందులో రాయిని దారంతో వేలాడదీసి, తూకం ఎంత పెరిగిందో చూడాలి. కింద బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, ఎలక్ట్రానిక్ తక్కెడ ఉంది. కొట్టులో ఉండే మలయాళీ నేను చేసేదంతా ఓపికగా చూశాడు.

"భాయ్, ఆలూ హై, ప్యాజ్ హై," అన్నాడు చివరికి. "పత్థర్ కా కోడ్ మేరే మిషీన్ మే నహీ హై." రాళ్లకు అతని తక్కెడలో కోడ్ లేదట.

లెక్క కట్టాను. పలకరాయి అనడానికి ఎక్కువ, బెల్జియం రాయి అనడానికి తక్కువ. మళ్లీ తూచాను, అంతే వచ్చింది. గదికి వచ్చి వెలుతురులో తిప్పి చూస్తే రెండు పొరల మధ్య సన్నటి నల్లగీత కనబడింది. గుండుసూదితో గుచ్చితే మెత్తగా తగిలింది. జిగురు. ఎవరో రెండు రాళ్లను అతికించారు. రెండింటి బరువూ కలిపి తూచి ఒకదాని పేరు తేల్చాలని చూశానన్నమాట. నిఘంటువును పరుపు మీదకు విసిరేశాను.

పేరు సంగతి తర్వాత చూద్దాం, ముందు పదును చూద్దామనుకున్నాను. సబ్బునీళ్లతో జిడ్డు కడిగి, కత్తిని వెనక మందపాటి అంచుతో సహా రాయి మీద బల్లపరుపుగా ఆనించి, ముందుకూ వెనక్కీ తిప్పుతూ నూరడం మొదలుపెట్టాను. బావ వచ్చి రాయి మీద కొబ్బరినూనె వేశాడు. మా ఇళ్లలో అది ఆచారం. మా నాయన కూడా అంతే చేసేవాడు కనుక నాకూ తేడా అనిపించలేదు.

కాసేపు రాయి కత్తిని కరిచేది. తర్వాత గాజు మీద జారినట్టు జారేది. వెంట్రుకను అంచుకు తాకిస్తే తెగాలి. వంగి పక్కకు తప్పుకునేది. అయినా మొండిగా చెంప మీద పెట్టుకుని చూశాను.

"కోడిని పీకినట్టున్నది," అన్నాడు బావ నా మొహం చూసి.

మర్నాడు సైటులో ఫోర్‌మన్ పిల్లి గీరిందా అని అడిగాడు. సాయంత్రం గదికి వచ్చాక రాయిని మా మేడ మీదకు తీసుకుపోయి గరుకు కాగితంతో రుద్దాను. అక్కడే నూనె వేసి నూరి చూస్తే కత్తి అంచు చక్కగా పట్టుకుంది. మిగతా పని గదిలో కూర్చుని చేద్దామని దిగివస్తే రాయి మళ్లీ చచ్చింది. ఇలా ఎన్నిసార్లయిందో. బావ టికెట్ వచ్చేసింది. పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. అడుగున కంబలి పరిచాడు. అదే నాకు మరీ కోపం తెప్పించింది.

ప్రయాణం రోజు మధ్యాహ్నం, స్నానం చేసి వచ్చిన బావ తలకు నూనె రాసుకోవడానికి సీసాను వేడినీళ్ల కుళాయి కింద పెట్టి తిప్పుతున్నాడు. మా గదిలో అందరూ చేసే పనే. ఎండలో మాడి వచ్చే వాళ్లం కనుక ఏసీని పద్దెనిమిది దాటనిచ్చేవాళ్లం కాదు. ఆ చలికి కొబ్బరినూనె ఏడాది పొడవునా నెయ్యిలా పేరుకునే ఉండేది. రోజూ చూస్తున్నదే. అప్పుడు రాయి వైపు చూశాను. దాని మీద తెల్లటి పొర, ఆ పొరలో నల్లటి ఇనుప పొడి.

"బావా, గడ్డకట్టింది. నూనె రాయి మీద గడ్డకట్టింది. మేడ మీద కరుగుతున్నది, ఈడ పేరుకుంటున్నది. కత్తి రాయికే తగుల్తలేదు."

"నూనె లేకుండ నూర్తర? నీ బుక్కుల మంగలోడున్నడా?"

"లేడు. ఇంకో బుక్కుల నూనె ఎంత చలికి పేరుకుంటదో ఉన్నది."

"అయితే నీళ్లతోని నూరు. కత్తి ఖరాబైతే నీ మీదనే."

మరిగిన నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి, జిడ్డు వదిలిందాకా రాయిని తోమాను. ఏసీ బందు పెట్టలేదు. పెట్టాల్సిన పని లేకపోయింది. నీళ్లు చిలకరించి నూరుతుంటే పాలలాంటి బురద లేచి, మెల్లగా బూడిదరంగుకు తిరిగింది. వెంట్రుక తాకించాను. చప్పుడు లేకుండా తెగి కింద పడింది. బావ ఇంకో వెంట్రుక తీసుకుని తానే చూశాడు. తర్వాత కత్తిని తోలుపట్టీ మీద నాలుగుసార్లు లాగి, నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఇగ కదలకు. మాట్లాడకు. ముఖ్యంగ మాట్లాడకు."

మానుతున్న గీతల మీద నుంచి కూడా కత్తి ఆగకుండా పోయింది. రెండు చెంపలూ, గడ్డం కిందా అయ్యాయి. అతని వేళ్లు నా దవడను తిప్పుతున్న తీరులోనే తెలిసింది, ఊళ్లో రేపటి నుంచి పని చేయబోతున్నాడని.

నా మొహం తుడిచేసి నేరుగా పెట్టె తెరిచాడు. కంబలి తీసి నా మంచం మీద పడేశాడు. రాయిని లుంగీలో చుట్టాడు.

"ఆగు బావా. మూల మీద చిన్న పెచ్చు తియ్యనియ్. వేరే రాళ్లతోని పోల్చి చూస్త. పేరు తెలుస్తది."

"నా రాయిని పలగ్గొడ్తవా?"

"నీ రాయా?"

"మరి ఎవలది? కత్తి నాది, గడ్డం నీది, రాయి నాది." జిప్ లాగాడు. అంతటితో ఆ మాట అయిపోయింది. కింద టాక్సీ హారన్ కొడుతోంది.

తర్వాతి సెలవు రోజున గ్రంథాలయానికి వెళ్లి అదే పుస్తకం తీయించాను. పసుపు, ఊదా, బూడిద అంటూ మొత్తం అధ్యాయం మళ్లీ చదివాను. ఆ రాయిలా అనిపించేవి అందులో మూడున్నాయి. మూడింటిలో ఏదో తేల్చడానికి ఏ ఏ పరీక్షలు చేయాలో కూడా స్పష్టంగా రాసుంది. చేయడానికి చేతిలో రాయి లేదు. పుస్తకం మూసి, తిరిగి ఇచ్చేశాను.