కడిగిన విత్తనం

బెల్లం నీళ్ళ వాసన తగిలితే చాలు, నాకు డిసెంబరు ఎనిమిది, గురువారం, ఉదయం ఆరూ నలభై గుర్తొస్తుంది. ఇవాళ పొయ్యి మీద బెల్లం కరుగుతున్నప్పుడూ అంతే. ఆ రోజు ఆ వేళకు మాస్టారు మా అరుగు మీద కూర్చుని, తాను తెచ్చిన మినుములకు బెల్లం నీళ్ళు పట్టించి, ఏదో నల్లటి పొడి కలుపుతున్నారు.

ఆయన మా పక్క చేను రైతు. ఒకప్పుడు బడిలో సైన్సు చెప్పారు. నేను విజయవాడలో లెక్కల టీచరుగా రిటైరై, కూచిపూడి దగ్గరున్న మా రెండెకరాలు చూసుకోవడానికి వచ్చాను. అది పద్నాలుగేళ్ళు చేపల చెరువు. పూడ్పించి వరి వేశాను. కోతకు ముందు వరిలో చల్లే మినుము పండకపోతే మళ్ళీ చెరువుకే లీజుకిస్తానని ఊళ్ళో చెప్పేశాను.

“విత్తనం ఊరికే ఇస్తున్నారు, పొడీ మీదే. మీకేంటి మాస్టారూ లాభం?” అన్నాను.

“లేకేమండీ! మీది చెరువైతే ఊట నా చేలోకి దిగుద్ది. ఈ పొడిలో కంటికి కనపడని జీవాలున్నాయి టీచరుగారూ. మినుము వేళ్ళలో కాపురం పెడతాయి. మొక్క వాటికి తిండి పెడుద్ది, అవి గాల్లో నత్రజని పట్టి మొక్కకిస్తాయి. మీ చెరువు మట్టిలో అవి లేవు, మనమే పంపాలి.”

“అద్దె కట్టే జీవాలన్నమాట.”

“మీరు మాత్రం రసీదు అడక్కండి, పారిపోతాయి!”

విత్తనం నీడలో ఆరబోసి ఆయన వెళ్ళిపోయారు. నాకు నవ్వు రాలేదు. పుచ్చు విత్తనం కనపడకుండా నలుపు పూశారేమో అనిపించింది. ఒక ఎకరానికి సరిపడా పదహారు కిలోలు పంపు కింద కడిగాను. ఒక్క గింజకూ పుచ్చు లేదు. అయినా అవే ఆరబెట్టి రెండో ఎకరంలో, కడగనివి మొదటి ఎకరంలో చల్లించాను. రెండూ పోల్చి చూడాలనుకున్నాను.

నలభయ్యో రోజుకు మొదటి ఎకరం ముదురు పచ్చగా ఉంది. రెండోది పసుపు తిరిగింది. మాస్టారు మొదటి దాంట్లో ఒక మొక్క పీకి, వేరుమీది బుడిపెను గోటితో చీల్చి చూపించారు. లోపల ఎర్రగా ఉంది, జీవాలు పనిచేస్తున్నాయనడానికి అదే గుర్తట. రెండో ఎకరంలో అయిదు మొక్కలు పీకారు. వేళ్ళు తెల్లగా, నున్నగా ఉన్నాయి, ఒక్క బుడిపె లేదు.

“విత్తనం గానీ కడిగారా అండీ?”

“లేదు,” అన్నాను.

ఆయన ఆ మొక్కలను గట్టు మీద పెట్టారు. “అయితే దీనికి కలిపిన ప్యాకెట్లలో నా పొడే చచ్చింది. నన్ను నమ్మినందుకు మీకు నష్టం చేశానండీ,” అన్నారు. ఇంటికెళ్ళి, ఊళ్ళోవాళ్ళ కోసం దాచిన పొడి ప్యాకెట్లన్నీ పెంటకుప్పలో పోశారట.

మొదటి ఎకరం పండడంతో చేను లీజుకివ్వలేదు. నిజం చెప్పాలని రెండుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్ళి, చల్లకవ్వం అరువడిగి వచ్చాను. మరుసటి ఆషాఢంలో ఆయన పోయారు. ఇప్పుడు ఏటా పొడి నేనే కలుపుతాను, అడిగిన వాళ్ళకు ఊరికే ఇస్తాను. మీకేంటి లాభమని వాళ్ళు అనుమానంగా చూస్తే, నాకు తగిందే అనుకుంటాను.

పోయినవి: నాలుగు బస్తాల మినుములు, పదకొండు ప్యాకెట్ల పొడి, తన చేతి మీద మాస్టారికున్న నమ్మకం.